ఓపిక ఎవరికి బాకీ?

తెలుగులో ‘ఓపిక’ అనే మాటకు రెండర్థాలు. జ్వరం తగ్గి లేచిన మనిషి ‘నడిచే ఓపిక లేదు’ అంటే ఒంట్లో బలం లేదని. అదే మనిషి ‘నీతో వాదించే ఓపిక లేదు’ అంటే సహనం లేదని. బలానికీ సహనానికీ ఒకే మాట పెట్టుకున్నవాళ్ళం మనం. ‘ఓపినంత పని చెయ్యి’ అనడంలోనూ, ‘ఓపలేని బాధ’ అనడంలోనూ ఉన్న ధాతువు ఒక్కటే. మన ఇరుగుపొరుగు భాషలూ ఇటువంటి ఆలోచనే చేశాయి. తమిళంలో పొరుమై అంటే సహనం, పొరుప్పు అంటే బాధ్యత. రెండూ మోయడమనే అర్థమున్న ఒకే మూలం నుంచి వచ్చాయి. కన్నడంలోని తాళ్మె, మన తాలిమి అక్కచెల్లెళ్ళు. రోజూ ఈ మూడు భాషల నడుమ బ్రతికే మనబోటివాళ్ళకు ఈ మాటలు చెవిన పడుతూనే ఉంటాయి గాని, ఆగి ఆలోచించేది తక్కువ.

ఆలోచిస్తే ఈ గుణం మీద కొంత అనుమానం కూడా కలుగుతుంది. ‘కాస్త ఓపిక పట్టు’ అని ఎవరు ఎవరితో అంటారో గమనించండి. అత్తింట అవస్థ పడుతున్న కూతురితో పుట్టింటివాళ్ళు అంటారు. పెన్షను కాగితం కోసం నాలుగోసారి వచ్చిన ముసలాయనతో గుమాస్తా అంటాడు. కూలి పెంచమని అడిగిన మనిషితో ఆసామి అంటాడు. పైనున్నవాడు కిందివాడికి చెప్పే నీతిగానే ఇది ఎక్కువగా వినబడుతుంది. కిందివాడు పైవాడితో అదే మాట అంటే పొగరనిపించుకుంటుంది. మరి ఓపిక సుగుణమా, లేక అణిగి ఉండడానికి పెట్టిన మంచి పేరా?

ఈ ప్రశ్నను పుస్తకాల్లో వెదకడం కన్నా ఇంటి వెనక పెరట్లో వెదకడం మేలని నాకు తోస్తుంది. పాడుపడిన పెరడును కొద్దికొద్దిగా తోటగా మార్చుకునే పనిలో ఓపిక పట్టేదెవరో, ఎవరి కోసమో, ఎంతవరకో, అన్నీ కంటికి కనిపిస్తాయి.

మాది హోసూరు ప్రాంతం. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఎర్రనేల. నైరుతి వానలూ, ఈశాన్యపు వానలూ రెండూ కొంత కొంత పడతాయి. మా ఇంటి వెనక నాలుగు సెంట్ల జాగా. ఒకప్పుడు రాగిచేను. ఇల్లు కట్టేటప్పుడు పారబోసిన ఇటుకముక్కలు, సున్నపు పెళ్ళలు, సిమెంటు ముద్దలు, కంకర దాని మీద జానెడు మందాన పరుచుకున్నాయి. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. చేలు ఇళ్ళస్థలాలుగా మారిన ప్రతి ఊళ్ళోనూ కొత్త ఇంటి పెరడు ఇలాగే మొదలవుతుంది.

దీన్ని వారంలో తోట చేసి పెట్టేవాళ్ళున్నారు. లారీ ఎర్రమన్ను, చాపచుట్టల్లా తెచ్చి పరిచే పచ్చిక, ఎక్కడో పెంచి తెచ్చిన నిలువెత్తు చెట్లు. డబ్బుంటే ఈ శనివారం మొదలుపెట్టి వచ్చే శనివారానికి ఫొటో తీసుకోవచ్చు. అందులో పాపమేమీ లేదు. కాని అలా చేసినవాడికి పెరడు సొంతమవుతుందే గాని పరిచయం కాదు. నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో ఒక వానాకాలం చూస్తేనే తెలుస్తుంది. గాలి ఏ మూల నుంచి విసురుతుందో ఆషాఢం వస్తేనే తెలుస్తుంది. ఎండ సంగతి మరీను. మా ఊరి అక్షాంశంలో ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. మిగతా కాలమంతా దక్షిణంగా. అందువల్ల ఇంటికి ఉత్తరపు గోడవార మార్గశిరంలో నీడపట్టుగా ఉంటుంది, జ్యేష్ఠంలో నిట్టనిలువు ఎండలో మాడుతుంది. చలికాలంలో చూసి ‘ఇది చల్లని చోటు’ అని తమలపాకు తీగ పెట్టినవాడు వేసవిలో దాన్ని పోగొట్టుకుంటాడు. దీన్ని త్వరగా నేర్చుకునే ఉపాయం లేదు. ఏడాది తిరగడానికి ఏడాది పడుతుంది.

ఇలా చూడడం ఓపికలో సగం. తక్కిన సగం చేతిపని. కంకర ఒక్కరోజులో ఏరలేం. రోజుకొక తట్ట ఏరితే నడుం పట్టెయ్యదు, నెలకు ముప్ఫై తట్టలు పోతాయి. సున్నం, సిమెంటు కలిసిన మన్నుకు క్షారగుణం ఎక్కువ; అందులో ఇనుము వేళ్ళకు అందదు, లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి నడుమ పసుపు తిరుగుతాయి. దానికి మందు ఎరువూ కాలమూ కలిసి. తొలకరికి జనుము చల్లి, 45 రోజులకు, పూత మొదలయ్యే వేళ కోసి మట్టిలో కలిపితే అది నేలకు అన్నం. ఆకూ అలమూ, పేడా, వంటింటి తుక్కూ దిబ్బగా వేసి, తడుపుతూ, అప్పుడప్పుడు తిరగేస్తే నాలుగైదు నెలలకు ఎరువవుతుంది. తొందరపడి సగం కుళ్ళిన చెత్తను మొక్కల మొదట్లో పూడిస్తే, దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందు తామే తీసుకుంటాయి. మొక్క పస్తుండి పాలిపోతుంది. మేలు చేసే వస్తువైనా వేళకు ముందు ఇస్తే కీడే చేస్తుంది.

ఇలా రెండేళ్ళు నడిచాక, మూడో ఏట వానలకు పార దింపితే మట్టిలో ఎర్రలు కనబడ్డాయి. వానపాములను మా వైపు ఎర్రలంటాం. వాటిని ఎవరూ కొని తెచ్చి వదల్లేదు. తిండీ తేమా దొరికే చోటు కాబట్టి వచ్చాయి. పెరటి పనిలో మన వంతు ఎంతవరకో ఆ రోజు నాకు బోధపడింది. మనం పిలవలేం, చోటు మాత్రం చెయ్యగలం.

అంతవరకు ఏమీ తినకుండా కూర్చోమని పెరడు అడగదు. పెరియకుళం ఉద్యాన కళాశాలలో తయారైన పి.కె.ఎం-1 మునగ గింజ వేస్తే ఆరు నెలలకు కాపు మొదలవుతుంది. బొప్పాయి తొమ్మిది పది నెలలకు పండు చూపిస్తుంది. అరటి ఏడాదికి గెల వేసి, పక్కన పిలకను నిలబెట్టి తాను తప్పుకుంటుంది. నాటు కొబ్బరి ఆరేడేళ్ళ మాట. గింజ నుంచి లేచిన పనస ఏడెనిమిదేళ్ళ మాట. చింత అంతకన్నా ఆలస్యం. ఒకే మట్టిలో ఇన్ని రకాల కాలాలు పక్కపక్కన నడుస్తాయి. పైగా ఒకదాని కాలం మరొకదానికి పనికి వస్తుంది: మునగ పలుచని నీడలో పసి పనసమొక్క రెండు వేసవులు గడుపుకుంటుంది. ఓపిక అంటే నోరు కట్టుకుని రేపటి కోసం ఇవాళను ఎండగట్టడం అనుకునేవాళ్ళు పెరడు పెంచలేరు. ఈ వారానికి తోటకూర, ఈ ఏటికి మునక్కాయ, ఎప్పటికో పనసపండు. మూడూ కలిపి పెట్టుకున్నవాడే చివరిదాకా నిలుస్తాడు.

ఇక నీతికి సంబంధించిన అసలు సంగతి మామిడి దగ్గర ఉంది. అంటుమామిడి నాటిన ఏడాది రెండేళ్ళకే పూత పూస్తుంది. కాని మొదటి మూడేళ్ళు ఆ పూతను తుంచెయ్యమని తోటపని తెలిసినవాళ్ళు చెబుతారు. లేతచెట్టు కాయను మోస్తే వేరూ కొమ్మా ఎదగవు. తొలి నాలుగు కాయల కోసం తరవాతి నలభై ఏళ్ళ కాపు దెబ్బతింటుంది. మాఘమాసంలో ఒక ఉదయం నేను ఆ పని చేస్తుంటే పక్కింటి అవ్వ గోడమీదుగా చూసి, ‘ఏం నాయనా, పూసిన పూతను తుంచేస్తా ఉండావే, చేతులెట్లా వస్తాయి నీకు?’ అన్నది.

‘చెట్టు చిన్నది గదవ్వా, ఇప్పుడే కాయలు మోస్తే ఎదగదు’ అన్నాను.

అవ్వ కాసేపు ఊరుకుని, ‘నన్ను పదమూడో ఏట కాపరానికి పంపినారు. అప్పుడు మా ఇంట్లో ఈ మాట ఎవరికీ తోచలేదు’ అని, చీపురు తీసుకుని తన పనిలో పడింది.

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. ఆ పసిదానికీ అప్పట్లో ఓపిక గురించి చెప్పే ఉంటారు. ‘ఓర్చుకో తల్లీ’ అనే ఉంటారు. ఒకే మాట, రెండు చోట్ల రెండు వైపులకు తిరిగింది. మామిడి దగ్గర ఓర్చుకోవలసినవాడు బలమున్నవాడు. కత్తి నా చేతిలో ఉంది, నీళ్ళ గొట్టం నా చేతిలో ఉంది, చెట్టు నా దయ మీద ఉంది. కాబట్టి ఆగవలసింది నేను, నా నోటిని కట్టుకోవలసింది నేను. ఆ ఇంట్లో ఆగవలసినవాళ్ళు ఆగలేదు. వాళ్ళు ఆగనందుకు అయిన ఖర్చంతా ఎదుగుతున్న పిల్ల భరించింది, దానికే ఓపిక అని పేరు పెట్టారు.

మన భాష బలానికీ సహనానికీ ఒకే మాట ఎందుకు పెట్టుకుందో నాకు ఇక్కడ అర్థమైనట్టనిపిస్తుంది. ఓపిక బలమున్నవాడు చెల్లించవలసిన బాకీ. ఎదిగే దానికి, కోలుకునే దానికి, నేర్చుకునే దానికి చెల్లించవలసిన బాకీ. చదువు కూడబలుక్కుంటున్న పిల్లవాడికి పంతులు బాకీ. మంచం మీది రోగికి ఇంటిల్లిపాదీ బాకీ. కొత్తగా వచ్చిన కోడలికి అత్తవారిల్లు బాకీ. దాన్ని తిరగేసి పిల్లవాడినీ, రోగినీ, కోడలినీ ఓపిక పట్టమంటే, అప్పిచ్చినవాడి దగ్గరే వడ్డీ వసూలు చేసినట్టు.

ఇది ఒప్పుకున్నా ఇంకొక చిక్కుంది. చెట్టు తన కాలానికి తాను ఎదుగుతుంది గదా, మనం చేతులు కట్టుకుంటే చాలదా? చాలదనడానికి జపాను రైతు మసనోబు ఫుకువోకా అనుభవమే సాక్ష్యం. 1975లో వెలువడిన, తెలుగులో ‘గడ్డిపరకతో విప్లవం’గా వచ్చిన పుస్తకంలో ఆయన ఈ సంగతి రాసుకున్నారు. ప్రకృతి వ్యవసాయం మీద నమ్మకంతో ఆయన యవ్వనంలో తండ్రిగారి నారింజ తోటను కత్తిరింపు లేకుండా తన మానాన వదిలేశారు. కొమ్మలు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి, పురుగు పట్టింది, చెట్లు చచ్చిపోయాయి. అంతకుముందు ఏళ్ళ తరబడి మనిషి కత్తెరకు అలవాటుపడిన చెట్లవి. వదిలిపెట్టడం వేరు, సహజంగా పెరగనివ్వడం వేరు అని ఆయన అక్కడ నేర్చుకున్నారు. మనిషి చెయ్యి పడి చెడిన చోటును మళ్ళీ మనిషి చెయ్యే బాగుచెయ్యాలి. మా పెరటి సిమెంటు పెళ్ళలు వెయ్యేళ్ళు ఓపిక పట్టినా నడిచి బయటికి పోవు.

‘ఓర్చినమ్మకు తేటనీరు’ అనే సామెతను కూడా ఈ దృష్టితోనే చూడాలి. ఇసుకలో చెలమ తవ్వితే మొదట బురదనీరు ఊరుతుంది, ఆగితే తేరుకుంటుంది. నిజమే. కాని ముందు చెలమ తవ్వాలి. తవ్వకుండా ఏటి గట్టున కూర్చుంటే, ఎంత ఓర్చినా ఆ అమ్మకు దక్కేది ఇసుకే.

మరి ఏ ఆలస్యాన్ని ఓర్చుకోవాలి, దేన్ని ఓర్చుకోకూడదు? రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలని నా ఉద్దేశం. మొదటిది: ఈ ఆలస్యం లోపల ఏదైనా ఎదుగుతున్నదా? మట్టిలో ఉన్న గింజ బయటికి కనబడకపోయినా వేరు దింపుతూ ఉంటుంది. అల్మారాలో ఉన్న అర్జీ ఆరు నెలలున్నా వేరు దింపదు. రెండోది: ఓపిక పట్టమని చెబుతున్నవాడు ఈ ఆలస్యంలో తన వంతు మోస్తున్నాడా? మామిడి పూత తుంచేవాడు తన పండును తాను వదులుకుంటున్నాడు. వీధి కాలువ పూడిపోయి మురుగు మన పెరట్లోకి వస్తుంటే, ‘కాస్త ఓపిక పట్టండి’ అనే అధికారి ఇంట్లోకి ఆ మురుగు రాదు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ‘లేదు’ అయిన చోట ఓపిక సుగుణం కాదు. అక్కడ అడగడమే ధర్మం.

ఈ రెంటినీ ఒక్క జీవితంలో చూపించిన మనిషి కర్ణాటకలోని సాలుమరద తిమ్మక్క. పిల్లలు లేని ఆ దంపతులు మాగడి తాలూకాలో హులికల్, కుదూరు ఊళ్ళ నడుమ దారి పొడవునా మర్రిమొక్కలు నాటారు. మొదటి ఏడు పది, రెండో ఏడు పదిహేను, మూడో ఏడు ఇరవై అని చెబుతారు. కూలిపని చేసుకుంటూ, కడవలతో నీళ్ళు మోసి, పశువులు మేయకుండా ముళ్ళకంచెలు కట్టి పెంచారు. ఆ చెట్లు 385 అని లెక్క. 2019లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు రోడ్డు వెడల్పు పనితో ఆ మర్రులకు ముప్పు వచ్చింది. దశాబ్దాలు చెట్ల కోసం ఆగిన ఆ మనిషి అప్పుడు ఆగలేదు. ముఖ్యమంత్రికి మొర పెట్టుకున్నారు. చెట్లను కాపాడే వేరే మార్గం చూడమని ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది. మొక్క దగ్గర ఓపిక, గొడ్డలి దగ్గర తొందర. రెండూ ఒకే ప్రేమకు పుట్టినవి.

చివరిగా, పెద్దవాళ్ళయిన పాఠకుల మనసులో ఉండే ఒక మాట. తాత మామిడిటెంక నాటుతుంటే రాజుగారు నవ్వి, ‘దీని పండు నువ్వు తింటావా?’ అని అడగడం, ‘మా తాత నాటింది నేను తిన్నాను, నేను నాటింది నా మనవడు తింటాడు’ అని ముసలాయన జవాబు చెప్పడం మనందరం విన్న కథే. కథలో మనవడు ఆ ఊళ్ళోనే ఉంటాడు. మన మనవలు బెంగుళూరులోనో, పూనాలోనో, సముద్రాల అవతలో ఉన్నారు. మన తరవాత ఈ ఇల్లు అమ్ముడుపోతుంది. కొన్నవాడు గోడ నుంచి గోడ దాకా నాలుగంతస్తులు లేపుతాడు. పనస పండే నాటికి పనసే ఉండకపోవచ్చు. అటువంటప్పుడు ఈ ఓపికంతా ఎందుకు?

దీనికి ‘ఫలం ఆశించకు’ అని ఒక్క మాటలో జవాబు చెప్పి తప్పించుకోవచ్చు. నాకు అది చాలదు. పెరట్లో పనిచేసేవాడు ఫలం ఆశిస్తాడు, ఆశించాలి కూడా. కాని ఫలం ఎక్కడ పండుతుందో చూసుకోవాలి. మా పెరటి మల్లె అంటు మా వీధిలో ఏడెనిమిది ఇళ్ళల్లో ఉంది. కరివేప మొదట్లో లేచిన పిలకలు ఒకటి తమిళుల ఇంటికి, ఒకటి కన్నడిగుల ఇంటికి పోయాయి. వాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చిన కనకాంబరం, నందివర్ధనం మా పెరట్లో పూస్తున్నాయి. అవ్వ ఇచ్చిన చిక్కుడు విత్తనం మా ఇంట మూడు తరాలు కాసి, ఊరు దాటి పోయింది. రేపు ఈ నాలుగు సెంట్లూ సిమెంటు కిందికి పోతే నాకు దుఃఖమే. అయినా పెరడు అప్పటికే గోడలు దాటి ఉంటుంది. ఒకే చోట దాచుకున్న తోటకు ఒక్క గొడ్డలి చాలు. పంచిపెట్టిన తోటను నరకాలంటే ఎన్ని ఇళ్ళ తలుపులు తట్టాలి?

పుట్టిన రాష్ట్రానికి దూరంగా, ఇతర భాషల నడుమ మన మాటను నిలుపుకుంటున్నవాళ్ళకు ఇది వేరే వివరించనక్కర లేదు. అక్షరాలు కూడబలుక్కునే మనవరాలు తప్పు పలికితే కసురుకోకుండా ఆగడం మన బాకీ. ఆమెకు బడిలో పుస్తకం రాకపోతే ఆగకుండా అడగడమూ మన బాకీయే.

తొలకరి వస్తున్నది. చోటున్నవాళ్ళు ఒక గింజ వెయ్యండి. లేనివాళ్ళు ఉన్నవాళ్ళకు ఒక అంటు ఇవ్వండి.